స్టెప్నీ ఎక్కడ ఉండవలెను?

కోడుమూరు ఉల్లి, పత్తికొండ టమాటా నేడు పికప్ బండ్లలో మార్కెట్టుకు పోవుచున్నవి. బండి కొనునపుడు నాలుగు చక్రములు చూతుము గాని, అయిదవది ఎక్కడ ఉన్నదని అడుగము.

సాధారణముగ స్టెప్నీ వెనుక తొట్టి క్రింద గొలుసుతో వ్రేలాడుచుండును. చోటు కలిసివచ్చు మాట నిజమే. కాని నంద్యాల రేగడి బురద చేరిన గొలుసు త్రుప్పు పట్టి బిగిసిపోవును. నిండు బరువు మీద వెనుక టైరు పగిలినచో బండి క్రుంగి, చక్రమును దించుటకు సందు చాలదు. రాత్రివేళ కర్నూలు–కడప రోడ్డుపై బండి వెనుక పండుకొని గొలుసు విప్పువాని ప్రాణమునకు హామీ ఏది?

క్యాబిన్ పైన పెట్టుటయు మేలు కాదు. బరువు పైకెక్కి మలుపులలో బండి ఊగును, దించుట కష్టము.

క్యాబిన్ వెనుక, తొట్టి ముందు గోడకు, ఎడమ మూలన నిలువుగ బోల్టులతో బిగించుట మంచిదని నా అభిప్రాయము. బండిని రోడ్డుకు ఎడమ ప్రక్కనే ఆపుదుము గనుక, చక్రము దించుకొనువాడు వచ్చిపోవు వాహనములకు ఎడముగ నుండును. ఒకటి రెండు బస్తాల చోటు పోవును, పోనిండు. నడిదారిలో ఎండకు కమిలిపోవు టమాటా కన్న అది తక్కువ నష్టమే.

మార్చుకొనలేనివారు నెలకొకసారి స్టెప్నీని దించి, గొలుసుకు నూనె వేసి, గాలి సరిచూచుకొనుడు. గాలి లేని స్టెప్నీ ఎక్కడ ఉన్నను ఒకటే.