కాయ ధర పడిన రోజున

ఆగిరిపల్లి, నూజివీడు మామిడి తోటల్లో కోత వేసవి నెలలకే పరిమితం. బంగినపల్లి, రసాలు, కలెక్టర్ కాయలు ఒక్కసారే మార్కెట్టుకు చేరితే ధర పడిపోతుంది. ఆవకాయ, తాండ్ర వంటి నిల్వ సరుకు మాత్రం ఏడాది పొడవునా అమ్ముడుపోతుంది.

ఈ నిల్వ సరుకు వ్యాపారం మొదలుపెట్టేవారికి ఉత్సాహం కన్నా అలవాట్లు ముఖ్యం: కొద్దిగా చేసి అమ్మి చూడడం, ఇంటి ఖర్చునూ వ్యాపార ఖర్చునూ విడిగా రాయడం, సొంత కూలినీ ధరలో కలపడం, కొన్నవారి ఫిర్యాదు వినడం. పని చేతికి అలవడేకొద్దీ ధైర్యం పెరుగుతుంది.

ఆహార సరుకుకు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు తప్పనిసరి. 2020లో మొదలైన కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈ చిన్న యూనిట్లకు బ్యాంకు రుణంతో ముడిపెట్టి 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ నిర్దేశించింది. కనీసం 10 శాతం సొంత పెట్టుబడి ఉండాలని షరతు పెట్టింది. ఈ మెట్లన్నిటినీ ఈ సంచిక వ్యాసాలు వరుసగా వివరిస్తాయి.

– సంపాదకుడు