విజ్ఞాన వీచిక: పనిని బట్టి రెక్క

విమానమనగానే మనకు తోచేది ఆకాశంలో తెల్లని చార గీస్తూ సాగిపోయే ప్రయాణిక విమానమే. ఆ ఒక్క రకమే అన్ని పనులకూ చాలదా అని పిల్లలు అడగవచ్చును. చాలదు. ఎంత బరువు మోయాలి, ఎంత దూరం పోవాలి, ఎటువంటి నేలపై దిగాలి అనే మూడు ప్రశ్నలకు సమాధానంగానే ప్రతి విమానమూ రూపుదిద్దుకుంటుంది.

ఎయిర్‌బస్ ఏ-320 వంటి జెట్ విమానంలో సుమారు 180 మంది కూర్చోవచ్చును. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున గంటకు 800 కిలోమీటర్లకు మించిన వేగంతో అది పయనిస్తుంది. అక్కడ గాలి పలుచన గనుక నిరోధం తక్కువ. దూరప్రయాణంలో ఇంధనం కలిసివస్తుంది. కాని హైదరాబాదు నుండి రాజమండ్రి వంటి దగ్గరి దూరాలకు అంత ఎత్తుకు ఎక్కి దిగడం దండుగ. అటువంటి దారులకు ప్రొపెల్లర్లతో నడిచే ఏటీఆర్-72 తగినది. దాని వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లే. అయినా ఖర్చు తక్కువ, పొట్టి రన్‌వే చాలును.

ఇంతకన్న చిన్నది డోర్నియర్-228. ప్రభుత్వరంగ సంస్థయైన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ దీనిని కాన్పూరులో నిర్మిస్తున్నది. 2022 ఏప్రిల్ 12న అస్సాంలోని డిబ్రూగఢ్ నుండి అరుణాచల్ ప్రదేశ్‌లోని పాసీఘాట్‌కు 17 సీట్ల డోర్నియర్ సర్వీసు ప్రారంభమైంది. పెద్ద విమానం దిగజాలని చోట రోగికైనా, విద్యార్థికైనా చిన్న విమానమే దారి.

సైనిక రవాణా విమానాన్ని చూడగానే గుర్తించవచ్చును. రెక్కలు వీపుమీద ఉంటాయి. అందువల్ల ఇంజన్లు నేలమీది రాళ్లకు, దుమ్ముకు దూరంగా ఉంటాయి. పొట్ట నేలకు దగ్గరగా ఉండటంతో వెనుక తలుపు దించితే జీపు నేరుగా లోపలికి పోతుంది. 2013 ఆగస్టు 20న మన వాయుసేనకు చెందిన సి-130జె విమానం లడఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో, 16,614 అడుగుల ఎత్తున దిగింది. జెట్‌కు మేలుచేసిన పలుచని గాలే అక్కడ ఆటంకం. రెక్కలను పైకెత్తే బలమూ, ఇంజను శక్తీ రెండూ తగ్గిపోతాయి. రోడ్లు మంచుతో మూసుకుపోయిన వేళ సరిహద్దు జవానులకు ఆహారమూ, మందులూ చేరవేసేవి ఇటువంటి విమానాలే.

యుద్ధ విమానానికి ముఖ్యం చురుకుదనం. 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన తేజస్‌ది త్రికోణాకారపు రెక్క. చప్పున మలుపు తిరిగేందుకు దాని సహజమైన నిలకడను కావాలనే తగ్గించారు. కంప్యూటర్లు అనుక్షణం సరిదిద్దుతుంటాయి. శిక్షణ విమానానికి కావలసినది ఇందుకు భిన్నమైనది: నిలకడ, తప్పును మన్నించే స్వభావం. 2016 మే 31న తొలిసారి ఎగిరిన హెచ్‌టీటీ-40లో శిష్యుడూ, గురువూ ముందువెనుకలుగా కూర్చుంటారు.

ఇక కెనడాలో తయారైన సీఎల్-415 సంగతి మరీ విచిత్రం. సరస్సు నీటిపై జారుతూ సుమారు 12 సెకన్లలో 6,000 లీటర్ల నీరు నింపుకొని, అడవి మంటలపై కురిపిస్తుంది.

కనుక విమానాలలో గొప్పదేది అనే ప్రశ్నకు అర్థం లేదు. ఈసారి విమానం కనిపించినప్పుడు రెక్క ఎక్కడున్నదో, ప్రొపెల్లర్ ఉన్నదో లేదో చూడమని పిల్లలకు చెప్పండి. అది ఏ పనికి బయలుదేరినదో చాలావరకు వారే చెప్పగలరు.