సమాధానం అంటే జవాబు కాదు

ఈ మాటలు కూటంలోనే చెప్పాల్సింది. అందరి ముందూ నోరు పెగల్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

2021 మే నెల మన బరంపురంలో ఎలా గడిచిందో ఎవరూ మరచిపోలేదు. మన వాడలోని ఒక అక్కగారి కొడుకు ఆక్సిజన్ మీద ఉన్నాడని తెలిసి, ఇంటికొక గంట చొప్పున పంచుకుని పది రోజులు చైన్ ప్రేయర్ చేశాం. నడిరాత్రి రెండింటికి కూడా ఎవరో ఒకరు మోకాళ్ల మీదే ఉన్నారు. పిల్లవాడు దక్కలేదు. తర్వాత జరిగిన ఆదరణ కూటంలో మనలో ఒకరు లేచి, ఇంకాస్త విశ్వాసం ఉండుంటే బిడ్డ బతికేవాడన్నారు. అంది ఒక్కరే, కానీ విని ఊరుకున్నది మనందరం. ఆ అక్కగారు ఆ రోజు నుంచి కూటానికి రావడం మానేసింది. ఆమె ఎందుకు రావడం లేదని మనం ఒకరినొకరు అడుక్కున్నాం గానీ, ఆమెను అడగలేదు.

మన తెలుగు బైబిల్లో శాంతికి వాడిన మాట 'సమాధానం'. ఇంట్లో, బజారులో అదే మాటకు జవాబు అని అర్థం. ఈ రెండూ మనకు కలగలిసిపోయాయేమో అనిపిస్తుంది. ప్రార్థన చేస్తే జవాబు వచ్చి తీరాలి, రాకపోతే చేసినవాళ్లలో లోపం వెతకాలి. ఈ పద్ధతిలో నెమ్మది ఎక్కడ దొరుకుతుంది? కష్టంలో ఉన్నవాళ్లకు ఇంకో బరువు తగిలించడమే గదా!

గెత్సేమనే తోట సంగతి ప్రతి మంచి శుక్రవారం వింటాం. ఆ గిన్నె తొలగించమని ప్రభువే మూడుసార్లు ప్రార్థించాడు. గిన్నె తొలగలేదు. ఆయనకు విశ్వాసం తక్కువైందని ఎవరైనా అనగలరా? 88వ కీర్తన తీసి చూడండి, చీకటిలో మొదలై చీకటిలోనే ముగుస్తుంది. దాన్ని కూడా మన పెద్దలు ప్రార్థనగానే దాచి మన చేతికి ఇచ్చారు. యోబు స్నేహితులు ఏడు రోజులు అతని పక్కన నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అంతా పాడైంది, చివరికి దేవుడి కోపానికి గురైంది కూడా వాళ్లే.

ప్రార్థన వల్ల నెమ్మది రాదని మేము అనడం లేదు. వస్తుంది, కళ్లారా చూశాం. 2013 అక్టోబరు 12, ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి. దసరా రోజులు, కరెంటు లేదు. రేకుల ఇళ్లవాళ్లందరం ఒక పక్కా ఇంటి హాల్లో చేరాం. మొదట్లో అందరం గట్టిగా తుపానును మళ్లించమనే అడిగాం. గాలి ఇంకా పెరిగింది. అప్పుడు ఒక పెద్దాయన ఆ విన్నపం ఆపేసి, హాల్లో ఉన్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చెబుతూ ప్రార్థన చేశారు. పసిపిల్లల పేర్లు, మనతో పాటు తలదాచుకున్న పక్కింటి ఒడియా కుటుంబం పేర్లు కూడా. తన పేరు వినగానే ఏడుస్తున్న పిల్ల ఒకతె ఏడుపు ఆపి చుట్టూ చూసింది. తెల్లారి చూస్తే చాలా ఇళ్ల మీద రేకులు లేవు. అయినా ఆ రాత్రి గుర్తొస్తే మాకు ముందు గుర్తొచ్చేది భయం కాదు, ఆ పేర్ల వరస.

మన ప్రాంతానికి ఈ విషయంలో పాత ఆస్తి ఉంది. పురుషోత్తమ చౌదరి గారు 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. ఆ కాలంలో బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన మనిషికి అది ఎంత బరువైన అడుగో ఊహించుకోవచ్చు. ఆయన కీర్తనలు ఇప్పటికీ ఆదివారం పాడుతున్నాం. (మన పిల్లలు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు, అది వేరే బాధ, ఇంకోసారి రాస్తాం.) దుఃఖంలో ఉన్న మనిషికి ఇప్పుడు వినిపించే పెద్ద మైకు కంటే ఆ పాత పాట ఎక్కువ ఆసరా అని మా నమ్మకం.

అందుకే సంఘానికి ఒక మాట. కష్టం వచ్చిన ఇంటికి వెళ్లినప్పుడు ముందు కూర్చుందాం. వాళ్లు అడిగితేనే ప్రార్థన చేద్దాం. సాక్ష్యాలు ఆ ఇంట్లో వద్దు, మన బిడ్డ బాగుపడిన సంగతి బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు చెప్పడం ఆదరణ కాదు. నిద్ర పట్టడం లేదు, ఏమీ తోచడం లేదు అనేవాళ్లను ఉపవాసం ఉండమని పంపేయకుండా డాక్టరు దగ్గరికి తోడుగా వెళదాం. ఇవి మెత్తబడిన విశ్వాసం మాటలని కొందరు పెద్దలు అంటారని తెలుసు. అననివ్వండి.

పోయిన నెలలో మన స్త్రీల కూటం నుంచి ఇద్దరు ఆ అక్కగారింటికి వెళ్లారు. మొదటిసారి తలుపు దగ్గరే మాట్లాడి పంపేసింది. రెండోసారి టీ ఇచ్చింది, కొడుకు ఫోటో చూపించింది. వీళ్లు బైబిలు సంచిలోంచి తీయలేదు. మూడోసారి ఆమే అడిగింది, శనివారం కూటం ఇప్పుడు ఎవరింట్లో పెడుతున్నారని.

ఈ శనివారం సాయంత్రం ఆరింటికి ఆమె ఇంట్లోనే. పాటల పుస్తకాలు తెచ్చుకోండి. ఆ రోజు ఆ మాట అన్నవారు కూడా రావాలి, ఊరుకున్న మేమూ వస్తున్నాం. వాక్యోపదేశం ఉండదు.