భగీరథుని పేరు, భగీరథుని కథ

పురాణము చదివిన ఉద్యోగము వచ్చునా, కడుపు నిండునా యని యడుగువారు నేడు పట్టణములందేకాక పల్లెలందును బయలుదేరినారు. భారతకథ వినుచున్న పిల్లవానిని ‘ఇది పరీక్షలో రాదు, లెమ్ము’ అని లేపుకొనిపోవు తండ్రులు కలరు. ఈ పెద్దమనుష్యులకు మేము మోక్షమును గూర్చి చెప్పబోము. ఆ బేరము వేరు. పురాణపరిచయమువలన దినదినము చేతికందు చిల్లరలాభమునే చూపెదము. చిల్లరయని చులకన చేయుదురేమో! సంసారములు గడచునది చిల్లరతోడనే.

తెలుగువాని నోట దినమునకెన్ని కథలు దొర్లుచున్నవో యెంచి చూడుడు. పనికి అడ్డుపడువాడు సైంధవుడు. ఇంట కోతలు కోసి రణమున పరుగెత్తువాడు ఉత్తరకుమారుడు. అంగడిలో బేరము తెగనీయని ముసలమ్మయు ‘భీష్మించుకొని’ కూర్చున్నది. కథ తెలిసినవానికి ఈ మాటలు చిత్రములు. తెలియనివానికి వట్టి చప్పుళ్లు. శల్యుడు నకులసహదేవుల మేనమామ యనియు, కర్ణుని రథము తోలుచు కర్ణునే నిందించి గుండె నీరుచేసెననియు ఎరిగినవాడు, సాయము నటించి చెరచు బంధువును ఒక్క మాటతో పోల్చుకొనును. ఎరుగనివాడు పది వాక్యములు ఖర్చుపెట్టియు సంగతి చెప్పలేడు.

మా ప్రాంతమున ఈ లాభము మరింత సులభము. ఏన్కూరునుండి జూలూరుపాడు, కొత్తగూడెము మీదుగా పోయిన భద్రాచలము. అచటినుండి సుమారు 35 కిలోమీటర్లు పోయిన పర్ణశాల. సీతమ్మ ఆరవేసిన చీర ఆనవాళ్లని రాతిమీది చారలను అచట చూపుదురు. యాత్రికులు లక్ష్మణరేఖను తలచుకొందురు. వాల్మీకమున ఆ రేఖ లేదు, తరువాతివారి కల్పన. కల్పనయైనను తెలిసియుండవలసినదే. సభలో నాయకుడు ‘లక్ష్మణరేఖ దాటవలదు’ అని గద్దించినపుడు, ఆ గీత సీతను బంధించుటకు కాదు, కాచుటకని ఎరిగిన శ్రోత ‘అయ్యా, తమ గీత ఎవరిని కాచుచున్నది?’ అని యడుగగలడు.

2016 ఆగస్టు 7వ తేదీన తెలంగాణమున ఇంటింటికి మంచినీరిచ్చు పథకము గజ్వేలు ప్రాంతపు కోమటిబండలో ప్రారంభమైనది. దానికి భగీరథుని పేరు పెట్టిరి. మంచి పేరే. కాని కథ తెలిసినవాడే దాని బరువెరుగును. సగరుని 60 వేల కొడుకులు బూడిదయై పడియుండిరి. అంశుమంతునివలన కాలేదు, దిలీపునివలన కాలేదు. భగీరథుడు తపస్సు చేసి గంగను దింపెను. అంతటితో ఇంటికి పోయెనా? పోలేదు. శివుని జటలలో చిక్కినదానిని మరల తపస్సు చేసి విడిపించెను. రథమెక్కి ముందు సాగి, ఆ నీరు బూడిదను తడుపువరకు వెంటబెట్టుకొనిపోయెను. కాబట్టి శిలాఫలకము భగీరథము కాదు. గుట్టమీది ట్యాంకును భగీరథము కాదు. అడవి అంచున చిట్టచివరి కోయగూడెమున, చివరి ఇంటి బిందె నిండినదా? ఆ పేరే ఈ ప్రశ్న నడుగుచున్నది. దీనికి ఇంజనీరు కానక్కరలేదు, బాలకాండ కథ తెలిసిన చాలును.

సీతారామ ఎత్తిపోతల పంపులను 2024 ఆగస్టు 15న నడిపించిరి. గోదావరిజలమును సాగరు కాలువలో కలుపు లింకు కాలువ మన ఏన్కూరు కడనే కలదు. దానిని చూచునపుడు జహ్నుమహర్షిని మరవరాదు. గంగ తన యజ్ఞవాటికను ముంచినదని ఆయన ఆమెను అంతయు త్రాగివేసెను. నీరు పైనుండి వచ్చినది, క్రిందికి చేరలేదు. నడుమ ఎవడో మ్రింగినాడు! ఈ కథ విన్న రైతు నవ్వును. నవ్విన పిదప కాలువగట్టు వెంబడి నడచి చూచును. వేడుకొనగా జహ్నువు చెవులగుండ గంగను విడిచెను. నేటి జహ్నువుల చెవులెక్కడనో, మన గ్రంథాలయములలో కూర్చుండు పెద్దలు వెదకుదురుగాక.