చందా తెచ్చే చేతికి నిర్ణయంలో చోటేది?

ఇంగ్లండులో ఉన్న రోజుల్లో నేను రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ కోసం డబ్బా పట్టుకుని విరాళాలు వసూలు చేశాను. సముద్రంలో ఆపదలో ఉన్నవారిని కాపాడే ఈ సంస్థ 1824లో పుట్టింది. ప్రధానంగా ప్రజల విరాళాలతోనే నడుస్తోంది. నాతో డబ్బా పట్టినవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే.

దీని వెనక చరిత్ర ఉంది. 1886లో 'మెక్సికో' ఓడవారిని కాపాడబోయి 27 మంది లైఫ్‌బోటు సిబ్బంది చనిపోయారు. వారి కుటుంబాల అవస్థ చూసి చార్లెస్ మకారా 1891లో మాంచెస్టర్ వీధుల్లో పెద్ద ఎత్తున చందాలు సేకరించాడు. ఆయన భార్య మారియన్ ఆ పనికోసం స్త్రీలను కూడగట్టింది. డంజెనెస్ తీరంలోనైతే స్త్రీలు బరువైన పడవను గులకరాళ్ళ మీదుగా నీళ్ళలోకి దించేవారు. అయినా తీరం దగ్గర తిరిగే చిన్న పడవ సిబ్బందిలో ఒక స్త్రీకి తొలిసారి చోటు దొరికింది 1969లో! సంస్థ పుట్టిన 145 ఏళ్ళకి!

పడవెక్కితే సాహసం, పడవకి డబ్బు తెస్తే 'సాయం'. ఈ తేడా ఎవరు పెట్టారు?

మన సంఘాల్లో మాత్రం? రసీదు పుస్తకం పట్టుకుని ఎండలో గడపగడపా ఎక్కేది స్త్రీలు. డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో తేల్చేది చాలాచోట్ల మరొకరు. అడిగితే 'సేవలో లెక్కలేమిటమ్మా' అంటారు. స్వచ్ఛందం అంటే జీతం వదులుకోవడమే, హక్కు వదులుకోవడం కాదు. చందా తెచ్చే స్త్రీకి లెక్క అడిగే హక్కు, కమిటీలో ఓటు ఉండాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ముందు ఈ తీర్మానమే పెడదాం.