పొట్లంలోని దర్భ ఏ దర్భ?

మొజంజాహీ మార్కెట్టు పరిసరాలలోని ఒక మూలికల అంగడిలో కొన్న పొట్లాన్ని ఇటీవల ఒక గృహిణి నా వద్దకు తెచ్చారు. భర్తగారి మూత్రకృచ్ఛ్రానికి పక్షం రోజులు కషాయం కాచి ఇచ్చినా గుణం కనబడలేదట. ఆయుర్వేదం ఇంతేనా అన్నది వారి ప్రశ్న. పొట్లంపై ‘దర్భవేరు’ అని ఉన్నది. లోపల అన్నీ అంగుళం ముక్కలు. ఆకు లేదు, కంకి లేదు. అది ఏ గడ్డో నేనూ నిశ్చయించలేకపోయాను.

సుశ్రుతుడు తృణపంచమూలంలో కుశ, కాశ, నల, దర్భ, కాండేక్షువులను చెప్పాడు. అమరకోశంలోనేమో కుశ, దర్భ పర్యాయపదాలు. పౌరోహిత్యానికి ఆ అభేదం చాలును. వైద్యానికి చాలదు. రెండూ ఒకటే అయితే సుశ్రుతుడు ఒకే గణంలో రెండుమార్లు ఎందుకు లెక్కించినట్లు? నేటి ఆయుర్వేద ఫార్మకోపియా కుశను డెస్మోస్టాకియా బైపిన్నేటాగా, దర్భను ఇంపెరేటా సిలిండ్రికాగా వేరు చేసింది. మన ఇళ్లలో దర్భ అని పిలిచేది తరచు ఆ మొదటిదానినే!

పేరుతో తేలనిది కంటితో తేలుతుంది. మా గురువుగారు గడ్డి పూతకు వచ్చిన తరువాతనే మమ్మల్ని వాగు ఒడ్డుకు తీసుకొని వెళ్లేవారు. కుశ కంకి సన్నగా, నిడుపుగా, గోధుమవన్నెలో ఉంటుంది. కాడ పొడవునా పొట్టి రెమ్మలు కిక్కిరిసి ఉంటాయి. పట్టువంటి నూగు ఉండదు. దర్భ కంకి తెల్లని దూదివత్తి వలె ఒత్తుగా ఉంటుంది. కాశకు, అనగా మన రెల్లుకు కూడ తెల్లని నూగే; అయితే అది శాఖలుగా విడివడి వింజామర వలె ఊగుతుంది, మొక్క నిలువెత్తును మించుతుంది.

పూత లేనప్పుడే చిక్కు. ఆకు అంచు గరుకుదనం మూడింటికీ ఉన్నది గనుక వేలు తెగినంత మాత్రాన కుశ అనరాదు. దర్భ ఆకులో తెల్లని నడిమి ఈనె తరచు ఒక ప్రక్కకు ఒరిగి ఉంటుంది. నేలలో ప్రాకే కాడ తెల్లగా, కణుపులతో, సూదిమొనతో ఉంటుంది.

ఇందులో మనం సిగ్గుపడవలసినది లేదు. లిన్నేయస్ కుశను బ్రైజా ప్రజాతిలో చేర్చాడు. తరువాతివారు ఇరగ్రోస్టిస్ అన్నారు. స్టాఫ్ దానిని డెస్మోస్టాకియాగా నిలిపాడు.

కనుక ముక్కలు చేసిన వేళ్లను నేను అంగీకరించను. వేరు, ఆకు, కంకి కలిసిన ఎండుమొక్క ఒక్కటైనా అంగడిలో చూపాలి; పొట్లంపై శాస్త్రీయనామం ఉండాలి. పొడి అయితే సూక్ష్మదర్శినియే గతి. ‘గడ్డే కదా అయ్యా’ అంటారు వర్తకులు. చెరకూ గడ్డే, పైగా రెల్లుతో ఒకే ప్రజాతి. చెరకు అడిగినవారి చేతిలో రెల్లు పెడతారా?

ఆ గృహిణిని పొట్లం తిరిగి ఇచ్చివేయమని, ముందుగా భర్తగారికి మూత్రపరీక్ష చేయించమని చెప్పాను. ఆ తరువాత పల్లేరుకాయలు తెమ్మన్నాను. చిన్న పల్లేరు, ఏనుగు పల్లేరు కాదని రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.