గుండె ప్రయాణానికి గడియారం

2025 జనవరి 17 రాత్రి హైదరాబాద్ మెట్రో రైల్లో ఒక గుండె ప్రయాణం చేసింది. ఎల్.బి.నగర్ నుంచి లక్డీకాపూల్ దాకా 13 స్టేషన్లు, 13 కిలోమీటర్లు, 13 నిమిషాలు! పేపర్లో చదివి "అంత తొందరెందుకో" అనుకున్నారా?

దాత శరీరంలో గుండెకి రక్తం ఆపిన క్షణాన గడియారం మొదలవుతుంది. అవతలి మనిషి ఛాతీలో ఆ గుండెలోకి మళ్ళీ రక్తం పారినప్పుడు ఆగుతుంది. ఈ మధ్యకాలం నాలుగు గంటలు దాటకుండా డాక్టర్లు జాగ్రత్తపడతారు. కుట్లు వేయడానికే దాదాపు గంట పోతుంది. ఇక దారిలో ట్రాఫిక్కి తావెక్కడ?

ఐసులో పెడతారుగా, అంటారేమో. నిజమే. పొటాషియం కలిపిన చల్లటి ద్రావణం ఎక్కించి గుండెను ఆపి, పొరలు పొరలుగా సంచుల్లో కట్టి ఐసుపెట్టెలో ఉంచుతారు. కానీ ఫ్రిజ్‌లో పెట్టిన పాలు మాత్రం ఎప్పటికీ అలాగే ఉంటాయా? పాడవడం నెమ్మదిస్తుందంతే. గుండె కణాలూ అంతే, చల్లగా ఉన్నా దాచుకున్న శక్తిని కొద్దికొద్దిగా ఖర్చుచేస్తూనే ఉంటాయి. పోనీ మరీ చల్లబరుద్దామంటే, ఫ్రీజర్ గోడకంటుకున్న కొత్తిమీర ఏమవుతుందో మీకు తెలుసు! ఐసు నేరుగా తగిలితే గుండె కండరమూ దెబ్బతింటుంది.

ఆలస్యమైన కొద్దీ కొత్త గుండె మొదట్లో సరిగా కొట్టుకోకపోయే ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు కొన్నాళ్ళు యంత్రం సాయం కావాలి, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. నాలుగు గంటలంటే గీత గీసినట్టు కాదు లెండి. పడుచువాళ్ళ గుండె కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది, వయసు మళ్ళిన దాత గుండె అంత ఓర్చుకోదు. కిడ్నీ అయితే ఒక రోజు దాకా ఆగగలదు. గుండెకే అంత ఓపిక లేదు. ఈమధ్య గుండెకు వెచ్చటి రక్తం అందిస్తూ, కొట్టుకుంటుండగానే తీసుకెళ్ళే యంత్రాలూ వచ్చాయి. ఖరీదు మాత్రం సామాన్యం కాదు.

మన దేశంలో మొదటిసారి గుండెమార్పిడిని విజయవంతంగా చేసింది మన రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి.వేణుగోపాల్ గారే. 1994 ఆగస్టు 3న, ఢిల్లీ ఎయిమ్స్‌లో. అవయవదాన చట్టం వచ్చిందీ ఆ ఏడాదే.

మరి మీలో చాలామందికి వచ్చే సందేహం: "ఇంటిల్లిపాదీ ఆలోచించుకునేలోపు గుండె పాడైపోదూ?" పోదు. మెదడు పూర్తిగా చనిపోయినా వెంటిలేటర్ మీద గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ నాలుగు గంటల లెక్క ఇంకా మొదలవదు. పైగా మెదడు మరణాన్ని డాక్టర్ల బృందం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి తేల్చాలి. ఏడవడానికి, పెద్దవాళ్ళని అడగడానికి వ్యవధి ఉంటుంది. రోజులకొద్దీ మాత్రం ఉండదు. దానపత్రం మీద సంతకం ఉన్నా ఆఖరికి అడిగేది ఇంట్లోవాళ్ళనే. అందుకని మీ మనసులో మాట మీవారికి, అత్తగారికి, ఎదిగిన పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

ఇంట్లోనే కన్నుమూసినవారి గుండె ఇవ్వడం కుదరదు. కళ్ళు మాత్రం ఆరు గంటల్లోపు ఇవ్వొచ్చు. ఫ్యాను ఆపండి, రెప్పలు మూసి పైన తడి దూది ఉంచండి, తలకింద దిండు పెట్టండి. వెంటనే దగ్గర్లోని ఐబ్యాంకుకి ఫోన్ చేయండి.